డీజే చెవిలో ఏముండాలి: హెడ్‌ఫోన్‌కు బదులు ఇన్-ఇయర్ మానిటర్

చెవి రంధ్రంలోకి దిగి, దాన్ని గట్టిగా మూసేసి, లోపలే పాట వినిపించే చిన్న స్పీకర్‌ను ఇన్-ఇయర్ మానిటర్ అంటారు. వేదిక మీద పాడేవాళ్లు, వాయించేవాళ్లు తమ గొంతును, తమ వాద్యాన్ని తాము వినడానికి దీన్ని నాలుగు దశాబ్దాలుగా వాడుతున్నారు. డీజేలలో ఎక్కువమంది మాత్రం పెద్ద కప్పుల హెడ్‌ఫోన్‌నే అంటిపెట్టుకుని ఉన్నారు. అందుకు కారణాలు లేకపోలేదు. అయితే ఆ కారణాలు క్లబ్బులో, నాలుగు గోడల మధ్య పుట్టినవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి చోట్ల డీజే పని ఎక్కువగా రోడ్డు మీద, కదిలే బండి మీద, బాక్సులకు బారెడు దూరంలో సాగుతుంది. అక్కడ లెక్క మారుతుంది.

ఈ మూడూ 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి వేరుపడ్డ జిల్లాలు. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో జనగామ, కాజీపేట–విజయవాడ మార్గంలో మహబూబాబాద్ ఉన్నాయి. సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్న భూపాలపల్లికి వరంగల్ నుంచి పరకాల, రేగొండ మీదుగా రోడ్డే దారి. పెళ్లి బరాత్, వినాయక నిమజ్జనం, దసరా, బతుకమ్మ, మహబూబాబాద్ తండాల్లో శ్రావణంలో వచ్చే తీజ్, కురవి వీరభద్రుడి జాతర... ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట డీజే మోగుతూనే ఉంటుంది. తీన్మార్ దరువు, జానపదాల రీమిక్సులు, బంజారా పాటలు, సినిమా పాటలు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. 2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ సినిమాలో కథానాయకుడు చేసేది ఈ పనే. ఆ పాత్ర హైదరాబాద్ కుర్రాడు. కానీ అలాంటి కుర్రాళ్లు మండల కేంద్రాల్లోనూ కనిపిస్తారు.

ఈ నేలకు పెద్ద చప్పుడు కొత్త కాదు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య (మరణం 2017 నవంబర్ 9) ఆ కళను పల్లె వాకిళ్ల నుంచి దేశ వేదికల దాకా తీసుకెళ్లారు. ఒగ్గుడోళ్లు, డప్పులు, తాళాల మధ్య పాడేవాడికి తన గొంతు తనకు వినపడటం ఎప్పుడూ కష్టమే. జానపద గాయకులు చెవి దగ్గర చేయి పెట్టుకుని పాడటం అందరూ చూసిందే. బయటి హోరును కొంత అడ్డుకుని, తన గొంతును తన చెవికి చేర్చుకునే ఉపాయం అది. మానిటర్ చేసే పని కూడా అదే.

డోలుకూ డీజే బాక్సుకూ తేడా ఎంతసేపు, ఎంత దగ్గరగా అన్నదాంట్లో ఉంది. డోలు కొట్టేవాడి చేతులు అలసిపోతాయి, మధ్యలో ఆగుతాడు. బాక్సుకు అలసట లేదు. డీసీఎం మీదో, బొలెరో మీదో, ట్రాక్టర్ ట్రాలీలోనో కింద బేస్ బాక్సులు, పైన టాపులు పేరుస్తారు. వెనక ఆంప్లిఫయర్లు, ఆ వెనక జనరేటర్. మధ్యలో మిగిలిన సందులో ల్యాప్‌టాప్, కంట్రోలర్ పెట్టుకుని డీజే నిలబడతాడు. బాక్సుల ముఖం జనం వైపు తిరిగి ఉన్నా, బేస్ శబ్దం ఒక దిక్కుకే పోదు. అన్ని వైపులా పాకుతుంది, బండి రేకు గుండా కాళ్లలోకి ఎక్కుతుంది. ఊరేగింపులో అందరికంటే ఎక్కువసేపు, అందరికంటే దగ్గరగా ఆ మోతలో ఉండేది డీజే, అతని పక్కనున్న హెల్పరే.

హెడ్‌ఫోన్‌తో డీజే చేసే పని

జనం ఒక పాటకు ఆడుతుండగా డీజే తర్వాతి పాటను చెవిలో వింటాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, వేగం ఎంత, దరువు కలుస్తుందా అన్నది చూసుకుంటాడు. కంట్రోలర్ మీద ఆ చానెల్‌కున్న క్యూ బటన్ నొక్కితే ఆ పాట హెడ్‌ఫోన్‌లోకి మాత్రమే వస్తుంది, బాక్సుల్లోకి పోదు. రెండు దరువులూ కలిశాక ఫేడర్ జరిపి పాట మారుస్తాడు.

కలిశాయో లేదో తెలియాలంటే రెండు పాటలూ ఒకేసారి వినాలి. అందుకే డీజేలు ఒక చెవి మీద కప్పు పెట్టి, రెండో చెవిని బయటికి వదిలేస్తారు. ఒక చెవిలో రాబోయే పాట, ఇంకో చెవిలో మోగుతున్న పాట. 1988 నుంచి మార్కెట్లో ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డీ 25 ప్రపంచమంతటా డీజేల చేతికి రావడానికి ఒక కారణం ఇదే. దాని బరువు 140 గ్రాములు, ఒక కప్పు పక్కకు తిరుగుతుంది, ఏ భాగం చెడితే ఆ భాగం విడిగా మార్చుకోవచ్చు. మెడలో వేసుకోవచ్చు, భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకోవచ్చు, ఒక్క క్షణంలో తీసి పక్కన పెట్టొచ్చు. ఎవరైనా “అన్నా, ఆ పాట పెట్టరాదే” అని అరిస్తే వినిపిస్తుంది.

ఇబ్బంది ఆ బయటికి వదిలేసిన చెవితోనే. దానికి ఏ రక్షా లేదు. కప్పు కింద ఉన్న చెవి పరిస్థితీ మెరుగ్గా ఉండదు. బయటి మోత మీదుగా పాట వినపడాలంటే హెడ్‌ఫోన్ నాబ్ పెంచక తప్పదు. పైగా ఒకే చెవితో విన్నప్పుడు అదే శబ్దం రెండు చెవులతో విన్నదానికంటే తక్కువగా అనిపిస్తుంది, దాంతో చేయి మళ్లీ నాబ్ మీదికే పోతుంది. రాత్రి గడిచేకొద్దీ చెవి మొద్దుబారుతుంది, మొదట సరిపోయిన శబ్దం తర్వాత చాలదు. పని అయిపోయి ఇంటికెళ్లి పడుకున్నాక చెవిలో ‘కుయ్’మని మోగడం, మాటలు దూది అడ్డం పెట్టినట్టు వినపడటం ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిన అనుభవమే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి పట్టించుకోరు. లోపలి చెవిలోని రోమకణాలు మాత్రం ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు.

అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ పెట్టిన హద్దు ఇది: 85 డెసిబెల్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకూ సమయం సగం కావాలి. అంటే 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. డీజే నిలబడ్డ చోట 100 డెసిబెల్ ఉందనుకుంటే, బరాత్ సందు మలుపు తిరిగేలోపే ఆ రోజు కోటా అయిపోయినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత కార్యక్రమాల కోసం విడుదల చేసిన ప్రమాణం కూడా వినేవాళ్లున్న చోట 15 నిమిషాల సగటు 100 డెసిబెల్ దాటకూడదంటుంది.

చెవిలోకి దిగిన మానిటర్

ఇన్-ఇయర్ మానిటర్ పుట్టింది వేదిక మీది మోత వల్లే. అమెరికాలో ఫ్యూచర్ సోనిక్స్ స్థాపకుడు మార్టీ గార్సియా 1980లలో ఈ దారి వేసినవాళ్లలో ఒకరు. మీడ్ కిలియన్ 1983లో పెట్టిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ వినికిడి శాస్త్రం నుంచి వచ్చి, 1991లో ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ తెచ్చింది. ఆ తర్వాత వాన్ హేలెన్ బృందానికి మానిటర్ ఇంజనీరుగా పనిచేస్తున్న జెర్రీ హార్వే, వేదిక మీద తన డ్రమ్స్ తనకు సరిగా వినపడని అలెక్స్ వాన్ హేలెన్ కోసం ఒకటి కంటే ఎక్కువ డ్రైవర్లు (శబ్దం పుట్టించే లోపలి భాగాలు) ఉన్న మానిటర్ తయారుచేశాడు. 1995లో మొదలైన అల్టిమేట్ ఇయర్స్ కంపెనీకి అదే పునాది. డ్రమ్మర్‌కు వచ్చిన కష్టమే డీజే బండి మీద ఉన్నవాడిదీ: చుట్టూ మోత, దాని మధ్య ఒక సన్నని విషయం వినాలి.

మానిటర్ బలం దాని స్పీకర్‌లో కంటే ముందు దాని మూతలో ఉంది. చెవి రంధ్రాన్ని సరిగ్గా మూస్తే బయటి శబ్దం 20 నుంచి 30 డెసిబెల్ దాకా తగ్గుతుంది. షూర్ కంపెనీ తన ఎస్ఈ215కు 37 డెసిబెల్ వరకూ అని చెప్పుకుంటుంది. అంత తగ్గుదల అన్ని చెవులకూ, అన్ని పౌనఃపున్యాలకూ రాదు. మూత కాస్త వదులైతే మొట్టమొదట చొరబడేది బేసే.

ఇప్పుడు లెక్క మళ్లీ వేసి చూడొచ్చు. బయట 100 డెసిబెల్, మూత 25 ఆపితే చెవిలోకి వచ్చేది 75. దాని మీద పాట స్పష్టంగా వినపడటానికి 85 డెసిబెల్ చాలు. 15 నిమిషాల పని 8 గంటల పనిగా మారుతుంది. ఈ లాభమంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: నాబ్ తగ్గించాలి. హెడ్‌ఫోన్‌కు అలవాటైన స్థాయిలోనే నాబ్ ఉంచి మానిటర్ పెట్టుకుంటే, మూసిన చెవిలో, కర్ణభేరికి వేలెడు దూరం కూడా లేనిచోట అదే శబ్దం ఇంకా ఎక్కువ హాని చేస్తుంది. మానిటర్ కొన్నంత మాత్రాన చెవి క్షేమం అనుకోవడం తప్పు. తక్కువ శబ్దంతో పని జరిగే వీలును అది ఇస్తుంది, ఆ వీలును వాడుకోవాల్సింది డీజే.

రెండు చెవులూ మూసుకుంటే జనం వింటున్న పాట ఎలా వినాలి? మానిటర్‌కు మారాలనుకునే ప్రతి డీజేకూ ఎదురయ్యే ప్రశ్న ఇది. చాలామంది మొదటి వారంలోనే మళ్లీ హెడ్‌ఫోన్‌కు తిరిగిపోయేది దీని దగ్గరే. ఒక మానిటర్ తీసి మెడకు వేలాడేసి, పాత అలవాటులాగే ఒక చెవితో బయట, ఒక చెవితో లోపల వినడం వాళ్లు చేసే పొరపాటు. అలా చేస్తే తెరిచిన చెవికి రక్షణ పోయింది, మూసిన చెవిలో శబ్దం పెంచక తప్పలేదు. హెడ్‌ఫోన్ కష్టాలన్నీ తిరిగొచ్చాయి, దాని సౌకర్యం మాత్రం రాలేదు.

సరైన పద్ధతి, బయటి పాటను కూడా చెవిలోకే తెచ్చుకోవడం. దాదాపు ప్రతి డీజే మిక్సర్‌లో, కంట్రోలర్‌లో హెడ్‌ఫోన్ దగ్గర క్యూ, మాస్టర్ మధ్య తిరిగే ఒక నాబ్ ఉంటుంది. ఒక కొసన రాబోయే పాట, రెండో కొసన మోగుతున్న పాట, మధ్యలో రెండూ. ఇంతకంటే మేలైనది స్ప్లిట్. పయొనీర్ డీజేఎం-900ఎన్ఎక్స్ఎస్2 లాంటి మిక్సర్ల మీద మోనో స్ప్లిట్ అని ఒక స్విచ్ ఉంటుంది. వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ సెట్టింగ్ ఉంది. దాన్ని వేస్తే ఒక చెవిలో క్యూ, ఇంకో చెవిలో మాస్టర్ వస్తాయి. ఒక కప్పు తీసి పనిచేసినప్పుడు ఏం వినపడుతుందో అదే వినపడుతుంది, కాకపోతే రెండు చెవులూ మూతపడి, రెండు శబ్దాలూ డీజే అదుపులో ఉంటాయి. స్టీరియో పోతుంది. దరువు కలపడానికి స్టీరియో అక్కర్లేదు.

దీంతో ఇంకో మేలు కూడా ఉంది. శబ్దం గాలిలో మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఫంక్షన్ హాల్లో డీజే వేదిక మీద, బాక్సులు 15 మీటర్ల అవతల ఉంటే అతను వినేది దాదాపు 44 మిల్లీసెకన్ల పాత శబ్దం, అదీ ఎదుటి గోడకు కొట్టుకుని వచ్చిన ప్రతిధ్వనితో కలిసి. దానికి చెవిలోని పాటను కలిపితే, జనం దగ్గర రెండు డోలు దెబ్బలు విడివిడిగా పడతాయి. మాస్టర్ నేరుగా మానిటర్‌లోకి వస్తే ఆ తేడా ఉండదు. బండి మీద బాక్సులు దగ్గరే కాబట్టి ఆలస్యం లెక్కలోకి రాదు గానీ, అక్కడ బేస్ హోరులో దరువు అంచులు కలిసిపోయి ఏది ఎక్కడ పడుతుందో తెలియదు. చెవిలో మాస్టర్ ఉంటే ఆ అంచులు స్పష్టంగా ఉంటాయి.

మానిటర్ వద్దనే చోటు

మాస్టర్ వినడం అంటే మిక్సర్ నుంచి బయటికి పోతున్న పాటను వినడం. బాక్సులోంచి వస్తున్నది వినడం వేరు. మిక్సర్ తర్వాత క్రాసోవర్ ఉంది, ఆంప్లిఫయర్లు ఉన్నాయి, గజాల కొద్దీ వైర్లు ఉన్నాయి. ఒక పక్క టాపు ఆగిపోవచ్చు, ఆంప్లిఫయర్ వేడెక్కి శబ్దం చీరుకుపోవచ్చు, బేస్ బాక్సులో కాయిల్ కాలిన వాసన రావచ్చు. చెవులు మూసుకున్న డీజేకు మాత్రం పాట హాయిగా వినిపిస్తూనే ఉంటుంది. అందుకే మానిటర్ వాడేవాళ్లు పాటకు పాటకూ మధ్య ఒకసారి మాస్టర్ తగ్గించి, ఒక మానిటర్ తీసి, బయట ఏం మోగుతోందో చూసుకోవాలి. లేదా బండి ముందు నడిచే హెల్పర్ చెవినే నమ్ముకోవాలి. హెడ్‌ఫోన్ వాడేవాడికి ఈ సమాచారం అడక్కుండానే అందుతుంది. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతిదే పైచేయి.

ఇదే సమస్యకు ఇంకో ముఖం ఉంది. తన చెవికి మోత తెలియని డీజే మాస్టర్ ఎక్కడికి పోయిందో గమనించకుండా పెంచుకుంటూ పోయే ప్రమాదం ఉంది. అతను సుఖంగా ఉంటాడు, బాక్సు ముందు ఆడే పిల్లలు ఉండరు. మీటర్ మీద ఎర్ర లైటు వెలగకుండా చూసుకోవడం హెడ్‌ఫోన్ వాడేవాడి కంటే మానిటర్ వాడేవాడికి ఎక్కువ అవసరం.

ఊరేగింపు రోడ్డు మీది పని కావడం వల్ల వచ్చే చిక్కు మరొకటి. డ్రైవర్ కేక, ఎస్ఐ పిలుపు, పైన వేలాడే కరెంటు తీగ గురించి ఎవరో అరిచే మాట ఏవీ చెవికి చేరవు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. అలాంటి తీగలు ఏ పల్లె వీధిలోనైనా ఉంటాయి. బండి కదులుతున్నప్పుడు డీజే చెవులు మూసుకుంటే, అతని కళ్ల ఎదుట నిలబడి చేత్తో సైగ చేసే మనిషి ఒకడు ఉండాలి. ముందే అనుకున్న సైగలు ఉండాలి: ఆపు, తగ్గించు, తీగ ఉంది, మైకు ఇవ్వు. కొందరు డీజేలు మైకును హెడ్‌ఫోన్ చానెల్‌కు కలిపి హెల్పర్ మాట నేరుగా చెవిలో వినే ఏర్పాటు చేసుకుంటారు. మిక్సర్‌లో ఖాళీ చానెల్ ఉంటే ఇది ఖర్చులేని పని.

ఏది కొనాలి

మొదట చూడాల్సింది కంపెనీ పేరు కాదు, చెవిలో కూర్చోవడం. పెట్టెలో మూడు సైజుల రబ్బరు టిప్పులు, కొన్నింటిలో ఫోమ్ టిప్పులు కూడా వస్తాయి. ఎడమ చెవి, కుడి చెవి ఒకే కొలతలో ఉండాలని లేదు, ఒకదానికి చిన్నది, ఇంకోదానికి మధ్యది పట్టొచ్చు. ఫోమ్ టిప్పును రెండు వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగా కూర్చుందా లేదా అన్నది తెలుసుకోవడం తేలిక: బేస్ ఎక్కువున్న పాట చిన్నగా పెట్టి, మానిటర్‌ను వేలితో కొద్దిగా నొక్కాలి. నొక్కినప్పుడు బేస్ పెరిగితే మూత వదులుగా ఉందని అర్థం, టిప్పు మార్చాలి. వదులు టిప్పుతో పదివేల మానిటర్ కూడా పనికిరాదు. మూత బిగిస్తే తక్కువ ధరలో దొరికే చైనా కంపెనీల మానిటర్ కూడా నేర్చుకునేవాడికి పనికొస్తుంది.

రెండోది డ్రైవర్. లోపల ఎన్ని డ్రైవర్లు ఉంటే అంత గొప్ప అన్నట్టు ప్రకటనలు ఉంటాయి. దరువు కలపడానికి కావాల్సింది కిక్ దెబ్బ, స్నేర్ దెబ్బ, డప్పు చరుపు విడివిడిగా తెలియడం. ఒక్క డైనమిక్ డ్రైవర్ ఉన్న మానిటర్ ఆ పని చక్కగా చేస్తుంది. దెబ్బలకూ, చెమటకూ కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది కూడా. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు సన్నని వివరం బాగా వినిపిస్తాయి గానీ, మిక్సర్ హెడ్‌ఫోన్ సాకెట్‌కు లోపలి నిరోధం ఎక్కువగా ఉంటే వాటి స్వరం తీరు మారిపోతుంది.

ఆ సాకెట్ దగ్గరే ఇంకో జాగ్రత్త ఉంది. డీజే మిక్సర్లు హెడ్‌ఫోన్లను గట్టిగా మోగించడానికి తయారైనవి. హెచ్‌డీ 25 నిరోధం 70 ఓంలు, మానిటర్లలో ఎక్కువ భాగం 16 నుంచి 32 ఓంల మధ్య ఉంటాయి. ఎస్ఈ215కు ఒక్క మిల్లీవాట్ ఇస్తే 107 డెసిబెల్ వస్తుంది. అందువల్ల నాబ్ కొంచెం కదిలించగానే శబ్దం ఎక్కువైపోతుంది, పాట లేనప్పుడు ‘సర్ర్’మని హిస్ వినిపిస్తుంది. మధ్యలో పెట్టుకునే చిన్న అటెన్యుయేటర్ ఈ రెండింటినీ తగ్గిస్తుంది. జనరేటర్ ఆగి మళ్లీ అందుకున్నప్పుడు మిక్సర్ ‘ఢబ్’మని కొడితే, ఆ దెబ్బ హెడ్‌ఫోన్‌లో కంటే మానిటర్‌లో ప్రమాదకరం. సామానంతా ఆన్ అయ్యాక, నాబ్ సున్నాకు తెచ్చాక మానిటర్ చెవిలో పెట్టాలి. కరెంటు పోతే ముందు చెవిలోంచి తీయాలి.

వైరు లేని ఇయర్‌బడ్స్ ఈ పనికి పూర్తిగా దూరం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లే. అంటే అందులో 30 నుంచి 40 శాతం దాకా ఆలస్యం, ఏ దరువూ కలవదు. వేదిక మీద గాయకులు వాడే వైర్‌లెస్ మానిటర్లు బ్లూటూత్ కావు, నడుముకు కట్టుకునే రేడియో రిసీవర్లు. వాటికి ఆలస్యం దాదాపు ఉండదు, ధర మాత్రం డీజే కంట్రోలర్ కంటే ఎక్కువ కావచ్చు.

వైరు ఊడదీసి మార్చుకునేది అయ్యుండాలి. ఇరుకు సందులో, చీకట్లో, ఎవరో ఒకరి కాలికి వైరు తగులుతుంది. ఎంఎంసీఎక్స్ లేదా రెండు పిన్నుల కనెక్టర్ ఉంటే తెగిన వైరు ఒక్కటే పోతుంది, మానిటర్ మిగులుతుంది. వైరును చెవి మీదుగా వెనక్కి తిప్పి, చొక్కా కాలర్ వెనక క్లిప్ పెట్టుకుంటే లాగుడు చెవి మీద పడదు, వైరు బట్టలకు రాసుకునే గరగర కూడా తగ్గుతుంది. సాధారణంగా వచ్చే మీటరున్నర లోపు వైరు నిలబడి పనిచేసేవాడికి చాలదు, ఒక పొడిగింపు వైరు ఉంచుకోవాలి. పయొనీర్ డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్లలో 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటుంది, చాలా పెద్ద మిక్సర్లలో 6.3 మిల్లీమీటర్ల లావు సాకెట్. ఆ మార్పిడి పిన్ను రెండు ఉంచుకోవడం మంచిది, ఒకటి ఎప్పుడూ పోతుంది.

కొనే ముందు పెట్టుకుని చూసే అవకాశం ఈ మూడు పట్టణాల్లో తక్కువ. సౌండ్ సామాను కోసం చాలామంది వెళ్లే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనూ బాక్సులు, ఆంప్లిఫయర్లు దొరికినంత సులువుగా చెవిలో పెట్టి చూసే మానిటర్లు దొరకవు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు వాపసు షరతు చూసుకోవాలి. చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి సీలు తీస్తే తీసుకోని అమ్మకందార్లు ఉంటారు. చెవి అచ్చు తీయించి చేయించే కస్టమ్ మానిటర్లు వేల నుంచి లక్ష దాటే దాకా పోతాయి. ఆడియాలజిస్ట్ చెవిలో సిలికాన్ పోసి అచ్చు తీస్తాడు, దాని మీద గుల్ల పోస్తారు. నెలకు రెండు మూడు ఫంక్షన్లు చేసేవాడికి అంత ఖర్చు అక్కర్లేదు. మామూలు మానిటర్‌కే చెవి అచ్చుతో టిప్పు చేయించుకోవడం మధ్యదారి.

హెడ్‌ఫోన్‌ను మాత్రం ఇంట్లో వదలకూడదు. మానిటర్ ఒకటి మూగబోయినా, చెవి నొప్పి పెట్టినా, ఇంకో డీజే వచ్చి పది నిమిషాలు వాయిస్తానన్నా అదే అక్కరకొస్తుంది. వేరొకరి చెవిలోని టిప్పును పంచుకోకూడదు.

ఎండ, చెమట, చెవి

ఇక్కడ పెళ్లి ముహూర్తాలు మండు వేసవిలోనూ ఉంటాయి. భూపాలపల్లి బొగ్గు గనుల ప్రాంతపు ఎండ రాష్ట్రంలోనే గట్టి ఎండల్లో ఒకటి. అప్పుడు హెడ్‌ఫోన్ మెత్తలు చెమటకు నాని, ఒకటి రెండు సీజన్లలో పొట్టు రాలిపోతాయి. మానిటర్‌కు ఆ బాధ లేదు. బదులుగా చెమట చెవి లోపల చేరి, మూతపడి, ఫంగస్‌కు చోటిస్తుంది. పని కాగానే టిప్పులు తీసి సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాలి, ఫోమ్ టిప్పులైతే పారేసి కొత్తవి వేయాలి. నాజిల్ జాలీలో గులిమి చేరితే ఒక పక్క శబ్దం తగ్గుతుంది. డీజే అది వైరు తప్పు అనుకుని వాల్యూమ్ పెంచుతాడు. మెత్తని చిన్న బ్రష్‌తో, నాజిల్‌ను కిందికి వంచి దులపాలి. చెవిలో దురద, చీము, నొప్పి ఉన్నప్పుడు మానిటర్ పెట్టుకోకూడదు.

డీజే చెవిని కాపాడుకోవడం అతని సొంత విషయం. బాక్సుల మోతకు మాత్రం చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు. బహిరంగ స్థలం అంచు దగ్గర లౌడ్‌స్పీకర్ శబ్దం ఆ ప్రాంతపు హద్దు కంటే 10 డెసిబెల్ మించకూడదు, ఏ పరిస్థితిలోనూ 75 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకూ సడలించవచ్చు. సుప్రీంకోర్టు 2005 జులైలో ఇచ్చిన తీర్పు ఈ నియమాలకు బలమిచ్చింది. 2024 అక్టోబర్ మొదట్లో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. మానిటర్ ఈ హద్దుల్లో దేన్నీ మార్చదు. అయితే తన చెవికి బాక్సు మోత అక్కర్లేని డీజే, వినడం కోసం బాక్సు పెంచాల్సిన పని లేకుండా బతకగలడు. తక్కువ శబ్దంలో కూడా దరువు తప్పకుండా పాట మార్చగలడు.

వినికిడి ఎంత మిగిలిందో తెలియాలంటే ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. మోత వల్ల వచ్చే నష్టం మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలాగా కనపడుతుంది. మామూలు మాటలు వినడంలో అప్పటికి ఏ తేడా తెలియదు కాబట్టి, పరీక్ష లేకుండా మనిషి దాన్ని పసిగట్టలేడు. ఇదివరకు ఇలాంటి పరీక్షలకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకానో, హైదరాబాద్ దాకానో పోయేవాళ్లు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, వాటితోపాటు చెవి, ముక్కు, గొంతు విభాగాలూ దగ్గరికి వచ్చాయి. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి పరీక్ష చేయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, మానిటర్ నాబ్ ఎంతలో ఉంచాలో డీజేకు తెలుస్తుంది. పరీక్షకు వెళ్లే ముందు కనీసం పదహారు గంటలు మోతకు దూరంగా ఉండాలి. లేకపోతే ముందు రాత్రి బరాత్ మొద్దుబారుడే కాగితం మీద కనపడుతుంది.